దెబ్బకు ఎంత దిగింది?

జెట్టీ కట్టే చోట పైలింగ్ సుత్తి చప్పుడు కిలోమీటరు దూరానికి వినిపిస్తుంది. చూడటానికి వచ్చినవాళ్ల కళ్లన్నీ ఆ సుత్తి మీదే ఉంటాయి. పక్కనే నోటుపుస్తకం పట్టుకుని నిలబడ్డ మనిషిని ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ రోజు పని సరిగ్గా జరిగిందో లేదో చెప్పగలిగేది ఆయనే. పైలు అంటే నేలలోకి దించే పునాది స్తంభం. దాని మీద ముందుగానే కొలిచి పెయింటుతో గీతలు గీసి ఉంచుతారు. ఒక గీత నుంచి ఇంకో గీత దాకా దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో ఆయన రాసుకుంటూ పోతాడు.

పై పొర మెత్తటి బురదైతే పైలు తన బరువుకే కొంత దిగిపోతుంది. తరువాత గీతకు అయిదారు దెబ్బలు పడతాయి. ఇసుక తగిలితే ఇరవై, ముప్పై. గట్టి నేల వచ్చేసరికి పది దెబ్బలు వేసినా దిగేది కొద్ది మిల్లీమీటర్లే. చివరి దెబ్బలకు పైలు దిగిన ఆ కొలతను సైటులో ‘సెట్’ అంటారు. ఎంత సెట్ వస్తే ఆపాలో డిజైనరు ముందే రాసి ఇస్తాడు. అది వచ్చేదాకా ఆపకూడదు. వచ్చాక కొట్టకూడదు.

ఈ రెండో మాట చాలామందికి త్వరగా ఎక్కదు. గట్టి నేల తగిలాక ఇంకా బాదితే పైలు మరింత గట్టిగా కూర్చుంటుందని అనుకుంటారు. జరిగేది వేరు. చెక్క పైలు కొన పీచుపీచుగా చీలుతుంది. కాంక్రీటు పైలు తల పగులుతుంది, నడుమ సన్నటి బీటలు పడతాయి. ఉక్కు గొట్టం అడుగు అంచు మడత పడుతుంది. ఇవి చాలామటుకు పైకి కనిపించవు. పైగా విరిగిన పైలు ఒక్కోసారి మళ్లీ సులువుగా దిగడం మొదలుపెడుతుంది. లెక్క రాయని మేస్త్రీకి పని జోరుగా సాగుతున్నట్టే ఉంటుంది. లెక్క రాసినవాడు మాత్రం అక్కడ సుత్తి ఆపిస్తాడు. అంతదాకా బిగుస్తూ వచ్చింది ఒక్కసారిగా వదులైందంటే కింద ఏదో విరిగిందని అనుమానించాల్సిందే.

శ్రమ ఎంత పెట్టామన్నది ఒక లెక్క, ఆ శ్రమకు ఎంత దిగామన్నది మరో లెక్క. మొదటిది మనుషులు ఊరంతా చెప్పుకుంటారు. రెండోది రాసుకునేవాళ్లు తక్కువ. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదువుతున్న కుర్రాడిని ఎలా సాగుతోందని అడిగితే, రోజుకు పన్నెండు గంటలు కూర్చుంటున్నానంటాడు. అది దెబ్బల లెక్క. గత మూడు నెలల్లో ఏ సబ్జెక్టులో ఎన్ని మార్కులు కదిలాయని అడిగితే తడుముకుంటాడు. పాలిటీలో అడగ్గానే తొంభై శాతం చెప్పగలుగుతున్నా రోజూ ఉదయం మళ్లీ పాలిటీ పుస్తకమే తెరుస్తాడు, అది చేతికి అలవాటైంది కనుక. సెట్ వచ్చేసిన పైలును బాదడం ఇదే. ఆ గంటలు అర్థశాస్త్రానికి వెళ్లాలి.

అయితే ఆగిన ప్రతి పైలూ గట్టి నేల మీద ఆగిందని కాదు. మధ్యలో బండరాయి తగిలినా ఆగుతుంది. దాని కింద మళ్లీ బురదే ఉండొచ్చు. అందుకే పైలు దిగాల్సిన దానికంటే బాగా ముందే ఆగితే, దగ్గర్లో మట్టి పరీక్షకు వేసిన బోరు కాగితాలు తీసి ఆ లోతులో ఏ నేల ఉందో సరిచూస్తారు. ఏడాదిగా నలభై మార్కుల దగ్గరే నిలిచిపోయినవాడిది ఈ రెండో రకం ఆగడం. అతడికి ఇంకో వెయ్యి దెబ్బలు అక్కర్లేదు, పద్ధతి మారాలి.

పద్ధతి మార్చడమంటే ఏమిటో చూపించినవాడు అలెగ్జాండర్ మిచెల్.

చూపు లేని ఇంజినీరు

మిచెల్ 1780లో డబ్లిన్‌లో పుట్టాడు, బెల్‌ఫాస్ట్‌లో పెరిగాడు. చిన్నప్పటి నుంచే చూపు తగ్గుతూ వచ్చి ఇరవై రెండేళ్లకల్లా పూర్తిగా పోయింది. ఇటుకల తయారీ పెట్టి నిలదొక్కుకున్నాడు. ఇటుక పనికి యంత్రాలూ తానే తయారు చేసుకున్నాడు. ఆ రోజుల్లో ఓడల వాళ్లకు పెద్ద భయం నదీముఖాల దగ్గరి ఇసుక మేటలు. అక్కడ లైట్‌హౌసు కడితే ఓడలు బతుకుతాయి, కానీ కదిలే ఇసుకలో పునాది నిలవదు. సుత్తితో పైలు దింపితే వదులు ఇసుక పట్టు ఇవ్వదు. రాయి పేరిస్తే దాని చుట్టూ నీరు సుడి తిరిగి ఇసుకను కోసుకుపోతుంది.

ఇంకా పెద్ద సుత్తి కావాలని అందరూ అనుకుంటున్న చోట మిచెల్ సుత్తినే పక్కన పెట్టాడు. ఇనుప కడ్డీ అడుగున వెడల్పాటి మర రెక్క బిగించి, దాన్ని నేలలోకి తిప్పి దింపవచ్చన్నాడు. లోపలికి వెళ్లాక ఆ రెక్కే విశాలమైన పాదంగా బరువు మోస్తుంది, కిందికి దిగనివ్వదు, పైకి పీకినా రాదు. 1833లో పేటెంటు తీసుకున్నాడు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి.

తరువాతి కథ ఇంకా ముఖ్యం. థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట మాప్లిన్ శాండ్స్ అనే ఇసుక మేట ఉంది. 1838లో అక్కడ తొమ్మిది మర పైళ్లు దింపారు. తెప్ప మీద కాప్‌స్టన్ బిగించి, మనుషులు చుట్టూ నడుస్తూ తిప్పారు. పైళ్లు దిగాక వెంటనే పైన లైట్‌హౌసు లేపలేదు. అలాగే వదిలేశారు. రెండేళ్ల పాటు అలలు, ఆటుపోట్లు, శీతాకాలపు గాలులు వాటి మీద పనిచేశాయి. అవి ఒరగలేదు, కుంగలేదు అని తేలాకే పై కట్టడం మొదలైంది. 1841లో దీపం వెలిగింది. ఈ లోపు ఇంగ్లండ్ పడమటి తీరంలో ఫ్లీట్‌వుడ్ దగ్గర తరువాత మొదలైన మరో మర పైళ్ల లైట్‌హౌసు 1840లోనే వెలిగింది. మొదట మొదలైన కట్టడం రెండోదిగా పూర్తయింది. అందుకు మిచెల్ పేరుకేమీ తగ్గలేదు. పునాదుల మీద ఆయన చదివిన పత్రానికి లండన్‌లోని సివిల్ ఇంజినీర్ల సంస్థ టెల్ఫర్డ్ పతకం ఇచ్చింది.

చూపు లేని మనిషి పడవలెక్కి, పరంజాల మీద నడిచి, చేత్తో తడిమి పని నాణ్యత చూసేవాడు. ఇది చదివి ‘సంకల్పం ఉంటే చాలు’ అనే పాఠం తీయడం తేలిక, వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో మామూలుగా జరిగేదీ అదే. సంకల్పం చాలామందికి ఉంటుంది. మిచెల్ ప్రత్యేకత ఏమిటంటే, ఇసుక ఎందుకు పట్టు ఇవ్వడం లేదన్న ప్రశ్న దగ్గర ఆగి, దానికి తగిన పనిముట్టు చేశాడు. ఆ పనిముట్టునూ గుడ్డిగా నమ్మకుండా పరీక్షకు పెట్టారు.

మర పైళ్లు మన తీరానికీ వచ్చాయి. మద్రాసుకు అప్పట్లో రేవు లేదు. ఓడలు దూరంగా లంగరు వేస్తే, కుట్టిన పలకల మసూలా పడవల్లో మనుషులూ సరుకూ అలలు దాటి ఒడ్డుకు చేరేవి. 1861లో మర పైళ్ల మీద ఇనుప పియర్ లేచింది. పైళ్లు ఇసుకలో బాగానే నిలిచాయి. కానీ 1872 మే నెల తుపాను ఆ పియర్‌ను దెబ్బతీసింది. ఆ తరువాత పైళ్ల వల్ల కాదని, సముద్రంలోకి రెండు చేతుల్లా రాతి గోడలు చాచి మధ్యలో ప్రశాంతమైన నీరు తయారు చేయాలనుకున్నారు. 1876లో పని మొదలైంది. 1881 నవంబరులో మరో తుపాను ఆ గోడల్నీ చాలామటుకు పడగొట్టింది. మళ్లీ కట్టారు. కిందికి ఎంత బరువు మోస్తుందో లెక్కగట్టినవాళ్లు పక్క నుంచి ఎంత తోపుడు వస్తుందో సరిగ్గా పట్టుకోవడానికి ఈ తీరం మీద దశాబ్దాలు పట్టింది.

ఇప్పుడు ఓడలు ఆగే బెర్తుల్లో కొన్ని పైళ్లను ఏటవాలుగా దింపుతారు. వాటిని రేకర్ పైళ్లు అంటారు. ఓడ వచ్చి బెర్తును తోస్తుంది, వెళ్లేటప్పుడు తాళ్లు లాగుతాయి. ఈ పక్కవాటు బలాలను నిటారు పైళ్లు ఒంగుతూ మోయాలి, ఏటవాలు పైళ్లు నేరుగా నేలకు దించుతాయి. ఇల్లు నడవడానికి నెల జీతం సరిపోతుందని లెక్క వేసుకున్న కుటుంబం, ఒక ఆసుపత్రి బిల్లుకే ఒరిగిపోవడం చూస్తూనే ఉంటాం. జీతం కింది బరువు మోసే పైలు. ఆరోగ్య బీమా, ఆరు నెలల ఖర్చుకు దాచిన డబ్బు, అవసరానికి ఫోను ఎత్తే ఇద్దరు మనుషులు ఏటవాలు పైళ్లు. ఓడ రానన్నాళ్లూ అవి దండగ ఖర్చుగానే కనిపిస్తాయి.

సూత్రం కన్నా పరీక్ష

పైలు సెట్‌ను బట్టి అది ఎంత బరువు మోస్తుందో చెప్పే సూత్రాల్లో బాగా పేరున్నది అమెరికా ఇంజినీరు ఆర్థర్ మెలెన్ వెల్లింగ్టన్ 19వ శతాబ్దం చివర్లో ఇచ్చినది. ‘ఇంజినీరింగ్ న్యూస్’ పత్రిక సంపాదకుడాయన, అందుకే సూత్రానికి పత్రిక పేరే పడింది. సుత్తి బరువు, అది పడే ఎత్తు, చివరి సెట్, ఈ మూడూ ఉంటే చాలు. అంత సులువైన లెక్క కనుకే దాన్ని నమ్మి వేల పైళ్లు దింపారు. అందులో ఒక చమత్కారం ఉంది. వచ్చిన జవాబులో ఆరో వంతునే వాడుకోమని సూత్రంలోనే పెట్టాడు. తన సూత్రాన్ని తానే ఆరో వంతు నమ్మాడన్న మాట! తరువాతి కాలంలో పైళ్లకు నిజంగా బరువు పెట్టి చూస్తే, ఆ సూత్రం కొన్నిచోట్ల మరీ ఎక్కువ జాగ్రత్త పడిందనీ, కొన్నిచోట్ల ప్రమాదకరంగా ఎక్కువ చెప్పిందనీ తేలింది.

అందుకే ఇప్పుడు బరువు పెట్టి చూడటం తప్పనిసరి. భారత ప్రమాణం ఐఎస్ 2911 ప్రకారం, పని మొదట్లో ప్రయోగం కోసమే వేసిన పైలు మీద, అది మోయాల్సిన బరువుకు రెండున్నర రెట్లు పెట్టి చూస్తారు. ఆ పైలు తరువాత జెట్టీలో భాగం కాదు, పరీక్షకే దాని జీవితం. కట్టడంలో ఉండబోయే పైళ్లలో కొన్నింటిని ఎంచి ఒకటిన్నర రెట్లు పెడతారు. బరువును మెట్లుమెట్లుగా పెంచుతూ పైలు ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో, బరువు తీశాక ఎంత వెనక్కి లేచిందో డయల్ గేజీల్లో చూసి రాస్తారు.

వెనక్కి ఎంత లేచిందన్న కొలత జీవితంలో ఎవరూ తీయరు. రెండు వారాలు రోజుకు పద్నాలుగు గంటలు పని చేసి ప్రాజెక్టు అందించిన టీమ్ లీడరును ‘తట్టుకున్నాడు’ అని మెచ్చుకుంటారు. బరువు దిగిన తరువాతి వారం అతను ఎలా ఉన్నాడన్నది అసలు పరీక్ష. నిద్ర మామూలైందా, పిల్లల మీద చిరాకు తగ్గిందా, ఇంకో పని పేరెత్తితే ఒళ్లు భయపడుతోందా? పూర్తిగా లేస్తే ఆ బరువు అతని శక్తిలోనిదే. లేవకపోతే, పైకి నిలబడినట్టున్నా లోపల ఎంతోకొంత శాశ్వతంగా కుంగాడు. తదుపరి బరువు నిర్ణయించాల్సింది ఈ రెండో వారాన్ని చూసి.

మెత్తటి బంకమట్టిలో ఇంకో విచిత్రం జరుగుతుంది. పైలు దించేటప్పుడు చుట్టూ ఉన్న మట్టి నలుగుతుంది, దాని సందుల్లోని నీటి ఒత్తిడి పెరుగుతుంది, మట్టి పట్టు తాత్కాలికంగా పోతుంది. ఆ రోజు సెట్ చూస్తే పైలు పనికిరాదనిపిస్తుంది. కొన్ని రోజులు, వారాలు ఆగితే నీరు మెల్లగా బయటికి పోయి, మట్టి పైలును మళ్లీ పట్టుకుంటుంది. అప్పుడు మళ్లీ నాలుగు దెబ్బలు వేసి చూస్తే అదే పైలు మొదటి రోజు కంటే ఎంతో ఎక్కువ మొండికేస్తుంది. దీన్ని రీస్ట్రైక్ పరీక్ష అంటారు. కొన్ని రకాల నేలల్లో, ముఖ్యంగా బాగా బిగిసిన సన్న ఇసుకలో, షేల్ రాతిలో ఇది పూర్తిగా తిరగబడుతుంది. మొదటి రోజు అద్భుతంగా బిగిసిన పైలు వారం తరువాత సడలి ఉంటుంది. కనుక ‘ఆగితే అంతా సర్దుకుంటుంది’ అన్న ధైర్యమూ ఇంజినీరుకు లేదు. ఆగాలి, ఆగాక మళ్లీ కొట్టి చూడాలి.

కొత్త ఉద్యోగంలో మొదటి నెలలోనే తాను పనికిరానని తేల్చుకుని రాజీనామా రాసేవాళ్లూ, మూడు రోజుల శిక్షణలో అంతా వచ్చేసిందని సర్టిఫికెట్ గోడకు తగిలించేవాళ్లూ చేసే తప్పు ఒకటే. ఇద్దరూ దించిన రోజు కొలతనే చివరి కొలత అనుకున్నారు. ఏదైనా నేర్చుకున్నాక మూడు వారాలకు, పుస్తకం చూడకుండా, అదే పని మళ్లీ చేసి చూడటం రీస్ట్రైక్. తేదీ ముందే క్యాలెండరులో రాసి పెట్టుకోకపోతే అది ఎప్పటికీ జరగదు.

అడుగున బురద

మన రేవుల్లో బెర్తులు చాలావరకు బోరు పైళ్ల మీద నిలుస్తాయి. అంటే సుత్తితో కొట్టినవి కావు, గొయ్యి తవ్వి అక్కడే కాంక్రీటు పోసినవి. విశాఖ లోపలి హార్బరులో పైన మీటర్ల కొద్దీ మెత్తటి సముద్రపు బంకమట్టి ఉంటుంది. అది పక్కలు కూలకుండా ఉక్కు లైనరు దించుతారు, కిందికి వెళ్లాక రాతిలో కొంత లోతు దాకా తొలుస్తారు. గోతిలో బెంటోనైట్ అనే మట్టి ద్రావణం నింపి ఉంచుతారు. తొలిచిన రాతి ముక్కలు దాంతో పాటు పైకి వస్తాయి. ఏ లోతులో ఏ ముక్క వచ్చిందో చూసి, నమూనాలు దాచి, కాంట్రాక్టరు మనిషీ రేవు మనిషీ ఇద్దరూ సంతకం పెట్టాకే గొయ్యి పూర్తయినట్టు.

అసలు కిటుకు ఆ తరువాత ఉంది. తవ్వడం అయిపోయింది, ఇనుప కడ్డీల కేజ్ దించారు, కాంక్రీటు బండి వచ్చి నిలబడింది. అందరికీ తొందరే. సరిగ్గా అప్పుడు గోతి అడుగున మళ్లీ ఫ్లషింగ్ చేసి, తాడుకు బరువు కట్టి వదిలి లోతు కొలవాలి. కేజ్ దించిన గంటా రెండు గంటల్లో పక్కల నుంచి రాలిన మట్టి అడుగున పేరుకుని ఉంటుంది. దాని మీదే కాంక్రీటు పోస్తే పైలు రాతి మీద కాదు, బురద మెత్త మీద కూర్చుంటుంది. ముప్పై మీటర్లు తవ్విన శ్రమ చివరి పదిహేను సెంటీమీటర్లలో పోతుంది.

కాంక్రీటు పోసే తీరు కూడా చూడదగ్గదే. పై నుంచి గుమ్మరిస్తే నీటిలో సిమెంటు, కంకర విడిపోతాయి. అందుకని ట్రెమీ అనే గొట్టాన్ని అడుగు దాకా దించి దాని గుండా పోస్తారు. కాంక్రీటు కింది నుంచి పైకి లేస్తూ బురద నీటిని నెడుతుంది. గొట్టాన్ని మెల్లగా పైకి లాగుతున్నా, దాని మూతి ఎప్పుడూ ఒకటిన్నర, రెండు మీటర్లు కాంక్రీటులో మునిగే ఉండాలి. ఒక్కసారి బయటికి వచ్చిందంటే మధ్యలో బురద పొర చేరుతుంది, పైలు రెండు ముక్కలైనట్టే. ఎంత జాగ్రత్తగా పోసినా పైకి లేచిన మొదటి కాంక్రీటులో మట్టి కలిసే ఉంటుంది. కనుక కావాల్సిన మట్టం కంటే ఎక్కువ పోసి, గట్టిపడ్డాక ఆ పై ముక్కను పగలగొట్టి పారేస్తారు. తెలిసి తెలిసి పారేయడానికి పోసే కాంక్రీటది. దానికీ టెండరులో లెక్క ఉంటుంది.

పెద్ద పని అప్పగించే ముందు రోజు చాలామంది పైపై మెరుగులు దిద్దుతారు. ఆ సమయం అడుగు కొలవడానికి పెట్టాలి. అప్పు తీసుకుని దుకాణం తెరిచే మనిషి బోర్డు రంగు గురించి పది మందిని అడుగుతాడు. అద్దె ఒప్పందం ఎన్నేళ్లకు, మధ్యలో ఖాళీ చేయమంటే ఎంత గడువు ఇస్తారు, జీఎస్టీ నమోదు ఎవరి పేరున ఉందన్నది తెరిచే వారం మళ్లీ ఒకసారి చదవడు. ఆర్నెల్ల కిందట చదివానంటాడు. ఆర్నెల్లలో మట్టి రాలుతుంది.

తియ్యటి నీరు తగ్గినప్పుడు

1919, 1921 మధ్య శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం ఉత్తర భాగంలో రేవులు వరసగా కూలిపోవడం మొదలైంది. వార్ఫులు, ఫెర్రీ ఎక్కి దిగే చోట్లు, రైలు సరుకు దించే జెట్టీలు నిలబడి ఉన్నట్టే ఉండి ఒక్కసారిగా నీళ్లలోకి ఒరిగాయి. తుపాను లేదు, భూకంపం లేదు. చెక్క పైళ్లు బయటికి తీసి కోస్తే లోపలంతా తొలిచిన సొరంగాలు. చేసింది ఓడపురుగు. పేరుకు పురుగే కానీ అది ఆల్చిప్పల జాతి ప్రాణి. పిల్లగా ఉన్నప్పుడు సూదిమొన అంత రంధ్రం చేసి లోపలికి దూరుతుంది, ఆ తరువాత లోపలే పెరుగుతుంది. బయట కనిపించేది ఆ సన్న రంధ్రమే.

పైళ్లు వేసినవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. ఆ భాగంలోకి నదుల తియ్యటి నీరు వచ్చి చేరేది, అంత తక్కువ ఉప్పులో ఈ పురుగు బతకలేదు. అందుకే మందు పట్టించని చెక్క పైళ్లు అక్కడ ఏళ్ల తరబడి నిక్షేపంగా ఉన్నాయి. తరువాత వానలు తగ్గాయి, ఎగువన వ్యవసాయానికి నీళ్లు మళ్లాయి, అఖాతంలో ఉప్పు పెరిగింది. పైలు మారలేదు, చుట్టూ నీరు మారింది. ఆ దెబ్బతో ఏర్పడిన సంఘం ఏళ్ల తరబడి పరిశోధించి 1927లో నివేదిక ఇచ్చింది. చెక్కను తొలిచే సముద్ర జీవుల మీద మన దగ్గరా పని జరిగింది. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్రవేత్తలు, ఆ తరువాత అటవీ పరిశోధన సంస్థల వాళ్లు హార్బరు నీటిలో చెక్క పలకలు వేలాడదీసి, ఏ జాతి ఎంత వేగంగా తొలుస్తుందో, ఏ మందు పట్టిస్తే ఎన్నాళ్లు ఆగుతుందో గమనించారు.

ఇరవై ఏళ్లుగా ఒకే కంపెనీలో చిన్న ఇబ్బందీ లేకుండా ఉన్న ఉద్యోగి అది తన బలమే అనుకుంటాడు. కొంత బలం, కొంత తియ్యటి నీరు. తన రంగంలో పోటీ తక్కువ ఉండటం, తనను నమ్మిన పై అధికారి ఉండటం, ఊళ్లో తల్లిదండ్రులు ఆరోగ్యంగా ఉండటం అతడు వేసుకున్న పైళ్లు కావు, చుట్టూ ఉన్న నీరు. ఏడాదికి ఒకసారి తనకు కలిసొస్తున్నవి కాగితం మీద రాసి, వీటిలో ఏది పోతే ఏది కూలుతుందో చూసుకోవడం గంట పని. కంప్యూటర్ కోడు రాసేవాళ్లకూ, అనువాదకులకూ ఈ రెండు మూడేళ్లలో నీటి రుచి ఎలా మారిందో వేరే చెప్పక్కర్లేదు.

విశాఖ రేవు కథలో నీటితో పాటు ఇసుక కూడా కదులుతుంది. తూర్పు తీరం వెంట అలలు ఏటా ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోస్తాయి. రేవు ముఖద్వారం దాని దారికి అడ్డం. ఇంజినీర్లు దక్షిణం వైపు రెండు పాత ఓడలను ముంచి వాటి ఆసరాతో అడ్డుకట్ట చేశారు. దాని చాటున ఇసుక ఆగితే డ్రెడ్జరుతో తోడి అవతలి పక్కకు పంపేలా ఏర్పాటు చేశారు. 1933 డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. అప్పుడు మొదలైన ఇసుక తోడే పని ఇప్పటికీ ఆగలేదు. తోడిన ఇసుకను ఆర్కే బీచ్ వైపు పోయడం కూడా అందులో భాగమే, లేకపోతే అక్కడి తీరం కోసుకుపోతుంది. ఇలాంటి పనికి ప్రారంభోత్సవం ఉండదు, ముగింపూ ఉండదు. చక్కెర వ్యాధి ఉన్నవాడి నడక, భార్యాభర్తల మధ్య ఖర్చుల మాట, పిల్లల చదువు మీద వారానికోసారి చూపు ఈ ఖాతాలోవే. వీటిని ‘ఒకసారి కూర్చుని తేల్చేద్దాం’ అనుకునేవాళ్లు ఏటా అదే ఇసుకలో కూరుకుపోతుంటారు.

ఆపమన్నప్పుడు

పాత జెట్టీని తనిఖీ చేసే డైవరు మొదట చూసేది అలలు తగులుతూ పోయే పట్టీని. ఎప్పుడూ నీటిలో ఉండే ఉక్కు, బురదలో పాతుకున్న ఉక్కు మెల్లగా తుప్పు పడతాయి. తడుస్తూ ఆరుతూ ఉప్పు, గాలి రెండూ తగిలే చోట తుప్పు అన్నిటికంటే వేగం. కాంక్రీటులోనూ అక్కడే ఉప్పు లోపలి కడ్డీని చేరుతుంది, తుప్పు ఉబ్బుతుంది, పెచ్చులు ఊడతాయి. పుదుచ్చేరిలో 1952 తుపాను పాత పియర్‌ను కూల్చాక కట్టిన జెట్టీ, ఎన్నో సినిమాల్లో కనిపించినది, 2022 మార్చిలో అలల ఉధృతికి కొంత భాగం విరిగి సముద్రంలో పడింది.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో డెలావేర్ నది మీద 1909 నాటి పియర్ ఒకటి ఉండేది. చెక్క పైళ్ల మీద నిలిచిన ఆ పియర్ పైన నైట్‌క్లబ్ తెరిచారు. పగుళ్లు ముందే కనిపించాయి, వెడల్పవుతూ వచ్చాయి. కూలబోతోందని హెచ్చరిక అందిందని ప్రాసిక్యూటర్లు తరువాత కోర్టులో వాదించారు. క్లబ్ మాత్రం మూయలేదు. 2000 మే 18 రాత్రి పియర్ కొస నదిలో పడిపోయింది. ముగ్గురు యువతులు చనిపోయారు, నలభై మందికి పైగా గాయపడ్డారు. పగులు మీద పూత పూయడం, రాత్రి వ్యాపారం పోతుందని రేపటికి వాయిదా వేయడం ఏ ఊళ్లోనైనా జరిగేవే. ఛాతీ నొప్పిని గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుని డ్యూటీకి వెళ్లినవాళ్ల ఇళ్లు అడిగితే చెబుతారు.

ఆపగలిగినవాళ్లూ ఉన్నారు. రామేశ్వరం ద్వీపాన్ని కలిపే పాంబన్ రైలు వంతెన 1914 నాటిది. 1964 డిసెంబరు తుపానులో దాని గర్డర్లు కొట్టుకుపోయాయి. పునాదులు చాలామటుకు నిలిచాయి. అప్పటికి ముప్పై రెండేళ్ల ఇ.శ్రీధరన్‌కు పని అప్పగించారు. ఆరు నెలలు అనుకున్న గడువును మూడు నెలలకు కుదించారు. జాలర్లు చూపిన చోట సముద్రంలో పడిన గర్డర్లను వెతికి తీసి మళ్లీ వాడుకుంటూ ఆయన 46 రోజుల్లో పూర్తి చేశారు. ఈ కథ అందరూ చెబుతారు. అంతగా చెప్పుకోనిది 2022 నాటిది. వయసు మీరిన ఆ వంతెనకు సెన్సార్లు బిగించి, అది ఎలా కదులుతోందో గమనిస్తూ వచ్చారు. ఆ డిసెంబరులో ఓడల కోసం పైకి లేచే భాగం దగ్గర అవి ప్రమాద సూచన చేశాయి. రైళ్లు నిలిపేశారు.

తాత్కాలికం అనుకున్న ఆ నిలుపుదల పాత వంతెన మీద ఇక తొలగలేదు. పక్కనే సముద్రంలో 333 పైళ్లు దించి కొత్త వంతెన కట్టారు. అంతకాలం రామేశ్వరం వెళ్లే యాత్రికులు, మన తెలుగువాళ్లతో సహా, రామనాథపురంలోనో మండపంలోనో దిగి రోడ్డు మీద వెళ్లారు. కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న తెరుచుకుంది.